ఛాయాచిత్రమునకు మొదటి తీర్పరి

ఛాయాచిత్రముల పోటీలలో తీర్పరులు చూచునదేమి యను ప్రశ్నను మేమీ మధ్య తరచుగా వినుచున్నాము. అడుగువారు చాలవరకు పదునెనిమిది, ఇరువది యేండ్ల బాలురు, బాలికలు. వెనుకటి తరమున ఊరి కొక కెమెరా యున్న నది విశేషము. నేడు ప్రతి గృహస్థుని జేబులోను, ప్రతి గృహిణి చేతిలోను కెమెరా యున్నది. కావున పోటీలును పెరిగినవి. కళాశాలలు పెట్టుచున్నవి, పత్రికలు పెట్టుచున్నవి, కాలనీ సంఘములు సైతము పెట్టుచున్నవి. 1839 ఆగస్టు 19వ తేదీన డాగ్యురే కనిపెట్టిన పద్ధతిని ఫ్రాన్సు దేశమున లోకమునకు వెల్లడించిరని, ఏటేట ఆ దినమున పండుగ చేయుట వాడుకయైనది. ఆ వారములో నీ ప్రశ్న మరింత జోరుగా వినవచ్చును. దీనికి కెమెరా పుస్తకము లిచ్చు ప్రత్యుత్తరము చిన్నది: వెలుతురు చూతురు, కూర్పు చూతురు, స్పష్టతను చూతురు, సరియైన క్షణమును పట్టినాడా లేదా యని చూతురు. ఇది యబద్ధము కాదు. కాని మంచి వంట యెట్లుండవలెనని యడిగినవానికి ఉప్పు, కారము, పులుపు అని చెప్పి యూరకుండిన నెట్లుండునో, ఇదియు నట్లే యున్నది.

విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రమున నీ విషయమై యొక చమత్కారమైన మాట గలదు. ఒకే చిత్రమును నలుగురి యెదుట బెట్టిన, ఆచార్యులు రేఖను మెచ్చుదురట. విచక్షణులు వెలుగునీడల పొందికను మెచ్చుదురట. స్త్రీలు భూషణములను, తక్కినవారు రంగుల సమృద్ధిని కోరుదురట. స్త్రీలను గూర్చిన మాటను మా పాఠకురాండ్రు ఒప్పుకొనరు, మేమును ఒప్పుకొనము. నగలు లెక్కపెట్టు చూపు పురుషులలో నెంత గట్టిగా నున్నదో పెండ్లి మాటలాడు చావడులలో చూచుచునే యున్నాము. ఆ మాట నటుంచిన, గ్రంథకర్త కనిపెట్టిన సంగతి మాత్రము గట్టిది. చూచువాడు చిత్రములో తనకు తెలిసినదానిని వెదకికొనును. ఇంజనీరు గీతలు వంకరపోయినవా యని చూచును. పద్యములు చదివినవాడు కథను వెదకును. పోటీకి ఒకరిని గాక ముగ్గురిని, అయిదుగురిని తీర్పరులుగా కూర్చుండబెట్టుట ఇందుకే.

పోటీలకు తీర్పరులకు గల చిక్కు మన వాఙ్మయమునకు క్రొత్త కాదు. కాళిదాసుని మాళవికాగ్నిమిత్రమున గణదాసు, హరదత్తు లను నాట్యాచార్యులు నేనెక్కువ యన నేనెక్కువ యని రాజసన్నిధికి వత్తురు. పరివ్రాజిక కౌశికి తీర్పరిగా కూర్చుండును. ఆచార్యులు గాక వారి శిష్యురాండ్రు ఆడి చూపవలెనని ఆమె నిర్ణయించును. అభినయము చక్కగా కనబడుటకై వేషము పలుచగా నుండవలె ననును. ఎంత శాస్త్రీయమైన తీర్పు! అయితే ఆ పోటీయంతయు రాజు మాళవికను కన్నులార చూచుటకై విదూషకుడు పన్నిన పన్నాగము. తీర్పు చెప్పు కౌశికియో, మాళవిక పుట్టుపూర్వోత్తరముల నెరిగి దాచియుంచిన యామె. మాళవిక ఆట ముగియగానే మధ్యాహ్న మైనదని కేకవేయుదురు. హరదత్తుని వంతు మరునాటికి వాయిదా పడును. అతని శిష్యురాలి ఆటను నాటకములో మనము చూడనే చూడము. మేము పాఠశాలలో నీ యంకమును చెప్పునపుడెల్ల పిల్లలు నవ్వుదురు. పోటీలో నోడిన పిల్లలు మాత్రము నవ్వరు.

నేటి పోటీలు ఇట్టి మోసము లేకుండ కొన్ని కట్టుబాట్లు చేసికొన్నవి. 1950లో నేర్పడిన అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్ గాని, మన దేశమున 1953లో నేర్పడిన సమాఖ్య గాని ఆదరించు పోటీలలో చిత్రము తీసినవాని పేరు తీర్పరులకు తెలియనీయరు. వేలకొలది చిత్రములు వచ్చిన పెద్ద పోటీలలో మొదటి విడతలో నొక్కొక్క చిత్రమునకు దొరకునది కొన్ని క్షణములు మాత్రమే. తెరమీద చిత్రము వచ్చును; తీర్పరి యంకె వేయును; చిత్రము పోవును. ఇందులో న్యాయమున్నది. పేరు చూచి, కులము చూచి, గురువును చూచి బహుమతు లిచ్చుటకన్న నిది నూరురెట్లు మేలు. కాని పేరుతోపాటు మరియొకటి కూడ మూతపడినది. ఆ చిత్రము ఎట్లు దొరికినదో తీర్పరికి తెలియదు.

వర్ణచిత్రమునకు ఈ ప్రశ్న లేదు. శాకుంతలమున దుష్యంతుడు శకుంతల చిత్రమును వ్రాసి, సరిగా కుదరనిచోట్ల దిద్దికొనును; అందు మాలినీ నదిని, హంసల జంటను ఇంకను చేర్చవలెనని తలచును. చిత్రకారునకా స్వేచ్ఛ యున్నది. రేపు హంసను కలిపినచో దానిని మోసమని యెవ్వరు ననరు. ఛాయాచిత్రమన్ననో, చూచువాడు మొదటినుండి యొక మాట నమ్మి చూచును: ఇది జరిగినది, తీసినవాడచ్చట నున్నాడు. ఆ నమ్మకమే దాని విలువలో సగము. నమ్మకము విరిగినపుడు, అంతకుముందు మెచ్చుకొన్న వెలుతురును కూర్పును పట్టుకొని యెవ్వరును కూర్చుండరు.

తీర్పరుల కీ చిక్కు ఛాయాచిత్రకళ పసితనమునుండియే యున్నది. 1855లో మద్రాసున జరిగిన ప్రదర్శనములో లీనియసు ట్రైపు అను సైనికోద్యోగి మైసూరు సీమలోని దేవాలయముల చిత్రములను పెట్టి తీర్పరులచే మొదటి తరగతి పతకమును పొందెను. తరువాత మద్రాసు రాజధానికి ప్రభుత్వ ఛాయాచిత్రకారుడై, అతడు తీసినవి నేటికిని చూడదగినవి. ఆ కాలపు కాగితపు నెగెటివు నీలివర్ణమును త్రాగివేయుటచే ఆకాశము వట్టి తెల్లగా పడెడిది. ట్రైపు ఆ వెలితిని పూడ్చుటకు నెగెటివు మీద మేఘములను కుంచెతో వ్రాసెడివాడు. ఆ మేఘములు అందముగానే యున్నవి. అవి యే దినమునను దక్షిణదేశపు ఆకాశమున తేలినవి కావు. గోపుర మున్నది నిజము, మేఘము కల్ల. నాడెవ్వరును దానిని నేరమనలేదు. మేమును ఆ పెద్దమనిషిని నేడు బోనెక్కింపబోము.

మన కాలమున తీర్పరులు బోనెక్కించుచున్నారు. లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారు నడుపు వన్యప్రాణి చిత్రముల పోటీలో 2009వ సంవత్సరపు మొదటి బహుమతి, రాత్రివేళ కంచెతలుపు మీదుగా దూకుచున్న తోడేటి చిత్రమునకు వచ్చినది. అది యడవి తోడేలు కాదు, మచ్చికచేసిన జంతువై యుండునని తీర్పరులు 2010లో బహుమతిని రద్దుచేసిరి. అదే పోటీలో 2017లో నొక విభాగమున గెలిచిన చీమలుతిను జంతువు చిత్రము, దూది కుక్కిన కళేబరమును పెట్టి తీసినదని 2018లో కొట్టివేయబడినది. ఇద్దరు ఛాయాగ్రాహకులును తాము మోసము చేయలేదనియే చెప్పిరి. 2023లో సోనీవారి ప్రపంచ పోటీలో బోరిసు ఎల్డాగ్సెన్ అను జర్మను కళాకారుడు కృత్రిమమేధచే పుట్టించిన బొమ్మను పంపి, బహుమతి వచ్చిన పిదప, ఇది ఛాయాచిత్రము కాదు, నాకు వలదు అని తిరస్కరించెను. మరుసటి యేడు మైల్స్ ఆస్ట్రే అనునతడు దీనికి తలక్రిందుగా, తల దాచుకొన్న రాజహంస వంటి పక్షిని, ఫ్లెమింగోను, నిజముగా కెమెరాతో తీసి, కృత్రిమమేధ బొమ్మల విభాగమునకు పంపి గెలిచెను. నిజము బయటపడగా నతని బహుమతియు పోయినది. నిజము చెప్పి బహుమతిని పోగొట్టుకొనుట మన పాఠకులకు హరిశ్చంద్రుని కాలమునుండి తెలిసిన పద్ధతియే.

ఇందువలన తీర్పరులు మరియొక చూపు నేర్చుకొనిరి. గెలుపునకు దగ్గరైన చిత్రమునకు మూలప్రతిని, అనగా కెమెరా మొదట వ్రాసికొన్న దత్తాంశమును, పంపుమందురు. ప్రకృతి విభాగములలో చిత్రమునుండి వస్తువును తీసివేయుట, చేర్చుట, జరుపుట కూడదందురు. ఇది జరిగినదా యని యడుగుట నేర్చుకొనిరి. మంచిదే. తోడేలు పక్షమున, చీమలుతిను జంతువు పక్షమున విచారణ జరుగుచున్నది. చిత్రములో మనుష్యుడున్నపుడు ఆ మనుష్యుని పక్షమున విచారించువా రెవరు? మా వ్యాసమునకు మూలమైన ప్రశ్న యిది.

మాకు ఈ ప్రశ్న మా యూరిలోనే యెదురైనది. నాగోలు నెరుగని పాఠకులకు రెండు మాటలు. హైదరాబాదునకు తూర్పున, ఉప్పలునకు దక్షిణముగా, మూసీ యొడ్డున నున్న యూరిది. 2017 నవంబరున మెట్రోరైలు మొదటిసారి నడిచినపుడు దాని తూర్పు కొస మా నాగోలే. నగరమును నిలువునా చీల్చుకొని వచ్చిన మూసీ, మా దగ్గరకు చేరునప్పటికి నీటికన్న మురుగును హెచ్చుగా మోసికొనివచ్చును. ఎగువ అంబరుపేటలో దినమునకు 339 మిలియను లీటర్లు, నాగోలులో 172 మిలియను లీటర్లు శుద్ధిచేయు కేంద్రములను కట్టిరి. అయినను నది తెలుపుకాలేదు, నురుగు మాత్రమే తెలుపు. సబ్బునీరు కత్వల మీదినుండి పడినచోట్ల నురుగు మేఘమువలె లేచి, చలికాలపు పొద్దున ఎండ తగిలినపుడు మంచుకొండవలె మెరయును. ఒడ్డున ఆ మురుగునీటితోనే పారాగడ్డి పెంచుట యేండ్లనుండి యున్న జీవనోపాధి. ఆ గడ్డిని కోసి, మోపులు కట్టి, నగరములోని బర్రెల దొడ్లకు అమ్ముకొని బ్రదుకువా రిప్పటికి నక్కడక్కడ నున్నారు. ఆ నీటిలో దినమెల్ల నిలిచిన కాళ్లకు దురదలు, పుండ్లు తప్పవు.

గడచిన జనవరిలో మా కాలనీ సంఘము వారొకరు బాలబాలికలకు పోటీ పెట్టి ముగ్గురిని తీర్పరులుగా పిలిచిరి. ఒకరు ఫిలిము కాలమునుండి స్టూడియో నడుపుచున్న పెద్దమనిషి, మరియొకరు ఉద్యోగవిరమణ చేసిన యింజనీరు, మూడవది మేము. చిత్రములు నలుబదికి మించలేదు గనుక తొందర లేదు. అందొక చిత్రము చూడగానే ముగ్గురమును మాటలు మానితిమి. తెల్లని నురుగు, దానిమీద బంగారువంటి ఎండ, నడుమ నెత్తిన గడ్డిమోపుతో నడచిపోవుచున్న యొక ముసలమ్మ. మోపు క్రింద ముఖము నీడలో నున్నది. నురుగు మోకాళ్ల పైవరకు వచ్చి, ఆమె మేఘమండలమున నడచుచున్నట్లే యున్నది. అది "నిత్యజీవితము" అను విభాగమునకు వచ్చినది. ఇంజనీరుగారు వెంటనే పదింట తొమ్మిది వేసిరి. మేమును కలము తీసితిమి. స్టూడియో పెద్దమనిషి మాత్రము, తీసిన పిల్లవానిని పిలిపింపుడనెను.

పదునారేండ్లవాడు. భయపడుచు వచ్చి నిలువబడెను.

"ఎట్ల దీసినవు, బిడ్డా?"

"పొద్దుగాల ఆరున్నరకు సార్. అవ్వ గడ్డిమోపు ఎత్తుకొని పోతుండె. మొదటిసారి ఎండ సరిగ్గ పడలే. ఇంకొక్కసారి నడువు అవ్వా అని అన్న. మూడుసార్లు నడిచింది."

"మోపు దించిందా నడుమల?"

"దించలే సార్."

"ఫోటో ఆమెకు చూపిచ్చినవా?"

"లే సార్. ఆమె పోయింది."

పిల్లవాడు పోయిన పిదప వాదము మొదలైనది. ఇంజనీరుగారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. మనము చిత్రమునకు మార్కులు వేయవచ్చితిమి గాని పిల్లవాని నడవడికి కాదనిరి వారు. ప్రతి చిత్రము వెనుకటి కథను విచారింప మొదలుపెట్టినచో, చక్కగా కథ చెప్పగల పిల్లవాడు గెలుచును, నోరులేనివాడు ఓడును, పేరు దాచుటవలన వచ్చిన న్యాయము కాస్తయు పోవునని చెప్పిరి. పైగా నీ పిల్లవాడు అబద్ధమాడలేదు. మూడుసార్లు నడిపించితినని తానే చెప్పినాడు. దీనికి శిక్ష వేసినచో రేపటినుండి పిల్లలు మౌనము నేర్చుకొందురు.

స్టూడియో పెద్దమనిషి జవాబు చిన్నది. మూడుసార్లు చెప్పి నడిపించిన నడక నిత్యజీవితము కాదు, నాటకమనెను. నాటకము చెడ్డది కాదు, దాని కొక విభాగమున్నది, దానిలో పెట్టుడనెను. మా సమ్మతియు అటే యుండుటచే చిత్రమును కల్పిత చిత్రముల విభాగమునకు మార్చితిమి. అచ్చట నది రెండవ బహుమతి పొందినది. ఇంజనీరుగారు ఒప్పుకొనలేదు, ఒప్పుకొనలేదని మినిట్సు పుస్తకములో వ్రాయించిరి కూడ. ఇంతవరకు తీర్పు.

దాని తరువాత స్టూడియో పెద్దమనిషి తన ఖర్చుతో నొక ప్రతి తీయించి, అవ్వను వెదకి యిచ్చి రమ్మని పిల్లవానిని పంపెను. నాలుగైదు దినములు ఒడ్డున తిరిగి వాడామెను కనుగొనెను. ఆమె చిత్రమును చాలసేపు చూచినదట. నవ్వినదట. పిదప, "నురుగు మంచిగ వడ్డది గని, నా కాళ్లు వడలే" అన్నదట.

మేము ముగ్గురము పెద్దచదువులు చదివినవారము. ఆ చిత్రమును తిప్పితిప్పి చూచితిమి. రేఖ చూచితిమి, వెలుతురు చూచితిమి, ఎట్లు తీసినదో విచారించితిమి. ఆ చిత్రమంతటిలోను లేనిదేదో చెప్పుట మాకు చేతకాలేదు, ఆమెకైనది. చిత్రమును అందముగా చేసిన నురుగే ఆమె దినమెల్ల నిలుచు నీటిని, ఆ నీరు కాళ్లకు చేసినదానిని కప్పివేసినది. ఆమె దానిని ఫిర్యాదుగా చెప్పలేదు. పెండ్లి ఫోటోలో తన చీరె అంచు పడలేదన్నట్లు చెప్పినదని పిల్లవాని మాట. అయినను చిత్రవిమర్శగా చూచిన నింతకన్న సూటియైనది మేము చదువలేదు.

అప్పటినుండి మాకు తోచుచున్న దేమనగా, మనుష్యుని చిత్రమునకు మొదటి తీర్పరి యా మనుష్యుడే. తక్కిన తీర్పరులు రెండవవారు. ఇది మేము క్రొత్తగా కల్పించినది కాదు. స్టూడియో నడిచిన దినములలో నిదియే లోకరీతి. 1844లో మీరటు దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదునకు వచ్చి ఆరవ నిజాము మహబూబు అలీఖాను కొలువున ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళుని చిత్రములను చూడుడు. నవాబు గాని, దొర గాని, వర్తకుడు గాని, తన యెదుట నిలిచినవాడు మెచ్చనిదే ఆ చిత్రము చెల్లదు, రూకలు రావు. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుట కూర్చుండరు గనుక 1892లో నతడు వారికై హైదరాబాదులో వేరుగా జెనానా స్టూడియో పెట్టి, దానిని నడుపుటకు నొక యింగ్లీషు స్త్రీని నియమించెను. ఘోషాను మేము సమర్థింపము. మా పత్రిక చదువువారిలో దానిని సమర్థించువారు లేరు. కాని ఎదుట కూర్చున్నవారి సమ్మతి లేనిదే కెమెరా కన్ను తెరువరాదను మర్యాద అందున్నది. 1893లో చికాగో నగరపు ప్రపంచ ప్రదర్శనములో దీనదయాళునకు బహుమానము వచ్చినది. ఆ తీర్పరులకన్న ముందు అతని చిత్రములలోని మనుష్యులనేకులు తీర్పు చెప్పియుండిరి.

అయితే స్టూడియో మర్యాద రూకలున్నవారికి దక్కిన మర్యాద యని యొప్పుకొనవలెను. రూకలిచ్చువాడు వేరు, చిత్రములో నున్నవారు వేరైనచోట నది మాయమగును. ఇందుకు దూరము పోనక్కరలేదు. మన యిండ్లలో నేటికిని జరుగుచున్న యొక ఛాయాచిత్రముల పోటీ యున్నది. దానికి ప్రకటన లేదు, నియమావళి లేదు, తీర్పరులు మాత్రము పదిమంది. పిల్లను స్టూడియోకు తీసికొనిపోయి, పట్టుచీరె కట్టించి, చిత్రము తీయింతురు. ఆనాడు నెగెటివు మీద పెన్సిలుతో చామనచాయను తెలుపుచేసెడివారు. ఈనాడా పని ఫోనే చేయును. ఆ చిత్రము వరుని యింట చేతులు మారును. రంగు తక్కువ యనును మేనత్త. ఎత్తు తెలియుటలేదనును పెదతండ్రి. మరియొక పిల్ల చిత్రము ప్రక్కన పెట్టి పోల్చుదురు. ఆ బాలికను మాత్రము, అమ్మా, ఇది నీవేనా, ఇట్లు నిన్ను పంపుట నీకిష్టమేనా యని యడుగువారు లేరు. ట్రైపు దొర ఆకాశమునకు మేఘమును పూసెను. మనము మన యాడుపిల్లలకు మరియొకరి చర్మమును పూయుచున్నాము. మేఘము పూసినందుకు ఆకాశము నొచ్చుకొనలేదు.

బీదవారి విషయమున నిది మరింత క్రూరమైన రూపము తాల్చినది. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని, అందు బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలను మాడ్చిన కరవులో, విల్లోబీ వాలెసు హూపరు అను సైనికోద్యోగి ఆకలితో ఎముకలగూడులైన వారిని గుంపులుగా కూర్చుండబెట్టి చిత్రములు తీసెను. ఆ చిత్రములు కరవును లోకమునకు చూపినవి, దానిని కాదనరాదు. కాని వారిని వరుసగా అమర్చిన తీరులో స్టూడియోవాని శ్రద్ధ కనబడును: పొడుగువారు వెనుక, పిల్లలు ముందు. వారికి తిండిపెట్టక పంపివేసెనను నింద ఆ చిత్రములను వెన్నంటియే యున్నది. అదే హూపరు బర్మాలో సైన్యపు దండనాధికారిగా నున్నపుడు, మరణదండన పొందినవారిని కాల్చు నిమిషమును కెమెరాకు అనుకూలముగా సర్దెనని వార్త పొక్కి, 1886లో ఇంగ్లండు పార్లమెంటు వరకు పోయి విచారణ జరిగినది. ఆ చిత్రములను వెలుతురునకును కూర్పునకును మార్కులు వేయు తీర్పరి యెదుట పెట్టినచో నతడేమి చేయును? పేరు దాచియున్నది. కొన్ని క్షణములే యున్నవి. కలము కదలునని మా భయము.

మా మాటకు గొప్ప ఆక్షేపణ యొకటి గలదు. చిత్రములోనివాని సమ్మతియే ప్రమాణమైనచో, లంచము పుచ్చుకొను ఉద్యోగిని, కూలివానిని కొట్టు కామందును తీయుట యెట్లు? వాడెన్నడును సమ్మతింపడు. మరియు చనిపోయినవారి మాట యేమి? 1984 డిసెంబరులో భోపాలున విషవాయువు ప్రాకిన పిదప, మట్టిలో పూడ్చుచున్న పసిబిడ్డ ముఖమును పాబ్లో బార్తొలోమ్యూ తీసెను. ఆ యేటి ప్రపంచ పత్రికాచిత్రముగా దానిని తీర్పరు లెన్నుకొనిరి. ఆ బిడ్డ సమ్మతి నెవరడుగవలెను? ఆ చిత్రము లేకుండిన భోపాలు మనకొక వార్తగానే మిగిలియుండెడిది గదా?

ఆక్షేపణ న్యాయమైనదే. అందుచేతనే మేము సమ్మతి యను మాటను వాడుటకు జంకుచున్నాము. మేమడుగునది వేరు. చిత్రము పట్టుకొని తీసినవాడు అందలి మనుష్యుని యెదుట నిలువగలడా? లంచగొండి యెదుట నిలువగలడు. ఇది నీవు చేసినపనియే యని చూపగలడు. వాడు కోపించిన కోపింపనిండు. భోపాలు బిడ్డ తల్లి యెదుట నిలుచుట కష్టము. అయినను నిలువవచ్చునని మా నమ్మకము. ఏలయన నా చిత్రము ఆ బిడ్డను చంపినదెవరని లోకమును అడుగుచున్నది. దానిని కప్పిపుచ్చు నురుగు అందులో లేదు. మోపు దింపనీయక మూడుసార్లు నడిపించి తీసిన చిత్రముతో అవ్వ యెదుట నిలుచుట పదునారేండ్లవానికి కష్టమైనది. కాని వాడు పోయి నిలిచినాడు. హూపరు తీసిన గుంపుల యెదుట నతడెట్లు నిలుచును?

ఇంజనీరుగారు ఇప్పటికిని మా దారిలోనికి రాలేదు. మొన్న మెట్రోస్టేషను మెట్లమీద కలిసి, మీరు చెప్పినదానికి ఎన్ని మార్కులు పెట్టుదురు, పదింట మూడా, నాలుగా యని హాస్యమాడిరి. మార్కులు వలదు. మార్కులు పెట్టినచో పిల్లలు దానిని కూడ సంపాదించుకొను ఉపాయము కనిపెట్టుదురు. అవ్వకు చూపి, చూపుచుండగా మరియొక ఫోటో తీసికొని దానిని కూడ పోటీకి పంపుదురు. మేము కోరునది దరఖాస్తు పత్రములో నొక్క పంక్తి మాత్రమే. చిత్రములోని మనుష్యునకు దీనిని చూపితివా, చూపిన నేమన్నాడు? వెలుతురు, కూర్పు, క్షణము, వీని మార్కులు యథాప్రకారము వేసికొనవచ్చును. తీసినవాని పేరు దాచియుంచవచ్చును. ఈ పంక్తిని మాత్రము చివరి విడతకు మిగిలిన పది చిత్రముల విషయమున తీర్పరులు చదువవలెను.

రైలు కిటికీనుండి తీసిన ముఖమునకు, జాతరలో జనము మధ్య తీసిన ముఖమునకు మరల చూపుట సాధ్యము కాదు. అట్టి చిత్రములు తీయరాదని మేమనము. గొప్ప చిత్రములు కొన్ని యట్లే వచ్చినవి. తీసినవాడచ్చట "చూపలేదు, రైలు కదలినది" అని వ్రాసిన చాలును. అది చదివిన తీర్పరి చిత్రమును మరల చేతికి తీసికొని, ఇంతవరకు వెలుతురును చూచిన కంటితో ఈసారి ఆ ముఖమును చూచును.